రోహిణి కార్తెలో స్వెటర్

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. నా దగ్గర ఉన్నది ఒక్క నిజం. దాన్ని ఎవరూ నమ్మలేదు.

నేను కరీంనగర్ శివార్లలో ఒక డేటా సెంటర్‌లో పనిచేస్తాను. గ్రానైటు కోసే యూనిట్ల నడుమ, కిటికీలు లేని పెద్ద తెల్ల భవనం. భద్రత కోసమని బయట పేరు బోర్డు కూడా పెట్టలేదు. దేశమంతటికీ ఏఐ అందాలంటే ఇలాంటివి ఊరూరా లేవాలని పై ఆఫీసు వాళ్ళు చెప్తారు. కావచ్చు. వాళ్ళు కేబుల్ కోసం రోడ్డు పక్కన తవ్విన కాలువ ఇంకా పూడ్చలేదు, నేను రోజూ దాన్ని దూకే డ్యూటీకి పోతాను. లోపల వరుసగా నిలబెట్టిన కంప్యూటర్లకు చల్లగాలి సరిగా అందుతోందో లేదో చూడటం నా పని.

ఈ పనిని మా అవ్వ "కంప్యూటర్లకు ఏసీ ఏస్తడు" అని చెప్పేది. సంబంధాలు తెచ్చే మా మేనమామ "దేశం మొత్తానికి మెదడు కడుతుండు" అని చెప్పేవాడు. మొదటిది విన్నవాళ్ళు నన్ను మెకానిక్ అనుకున్నారు. రెండోది విన్నవాళ్ళు మోసగాళ్ళమనుకున్నారు. అట్లా వచ్చిన సంబంధాలు వచ్చినట్టే పోయాయి. నాకేమీ బాధ కలగలేదు. నస్పూర్ సంబంధంతోనే వచ్చింది తంటా.

ఆ అమ్మాయి మంచిర్యాలలో ఒక ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. చూపులనాడు వాళ్ళింట్లో అందరూ కొలువు పర్మనెంటేనా అని అడుగుతుంటే, ఆమె మాత్రం "లోపల గంత సల్లగుంటె చేతులు కొంకర్లు పోవా?" అని అడిగింది. నా చేతుల గురించి అంతదాకా ఎవరూ అడగలేదు. తిరుగు బస్సు గోదావరి దాటకముందే నాకు తేలిపోయింది, చేసుకుంటే ఈమెనే చేసుకోవాలి.

వాళ్ళ బాపు బొగ్గుబాయిలో, భూమి లోపల పనిచేసి రిటైరైన మనిషి. ఆయన లెక్కలో కొలువంటే గేటు మీద కంపెనీ పేరుండాలి, షిఫ్టుకు సైరన్ మోగాలి. సంబంధం ఖాయం చేసుకునే ముందు పిల్లవాడి గురించి ఆరా తీయడం మా దగ్గర మామూలే. ఆయన ఎవరికీ చెప్పకుండా, రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో బస్సెక్కి వచ్చి మా గేటు ముందు నిలబడ్డాడు.

మా గేటు కావలాయన నాతో రోజూ చాయ్ తాగే మనిషే. కానీ బయటివాళ్ళు ఏమడిగినా తెలియదనాలని ఆయనకు ట్రైనింగ్ ఇచ్చారు. ఏ ట్రైనింగైనా ఇంతగా ఒంటబట్టినవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

"గీ బిల్డింగుల ఏం జేస్తరు?"

"నాకెర్కలే."

"మా పిల్లకు సూసిన పిలగాడు గీడనే పనిజేస్తడట?"

"ఎవలో నాకెర్కలే."

"మరి నువ్వు దేన్ని కావలిగాస్తున్నవ్?"

"గది సుత ఎర్కలే, పెద్దమనిషీ."

తర్వాత నేను ఇంతెత్తున లేస్తే, "చెప్పొద్దన్నరు గదా తమ్మీ, చెప్పలే," అన్నాడు. ఏమంటాం!

పెద్దాయన పోలేదు. ఎదురుగా చాయ్ డబ్బా నీడన కూర్చుని షిఫ్టు దిగే వేళ కోసం చూశాడు. షిఫ్టు దిగొచ్చే ముఖం చూసి మనిషిని అంచనా వేయడం ఆయనకు బాయి దగ్గర అలవాటు. నేను బయటికి వచ్చాను. మండుటెండలో మందపాటి స్వెటర్, చెవులదాకా మంకీ క్యాప్. లోపలి చలికి తొడుక్కున్నవి, తియ్యడం మరిచిపోయాను. ఆయన నన్ను గుర్తుపట్టాడు. పలకరించకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు మేనమామకు ఫోన్ వచ్చింది. "పిలగాడు మంచోడే గావచ్చు. గని గీ ఎండల సలిజరమేంది? నేను సూడని మెడికల్ అన్‌ఫిట్టా? నా బిడ్డనియ్య." ఒళ్ళు చెడి బాయి పనికి రాడని డాక్టర్లు తేల్చినవాణ్ణి అక్కడ అలా అంటారు.

అవ్వ ఏడ్చింది. మేనమామ "ఫికర్ జేయకు, ఇంకోటి జూద్దాం," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ ఇంకోటేదో నీ నెత్తిన పెట్టుకొమ్మని నస్పూర్ బస్సెక్కాను.

పెద్దాయన క్వార్టర్ ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను కూర్చోమనలేదు. ఆమె తలుపు దగ్గర నిలబడి వింటోంది. స్వెటర్ సంగతంతా చెప్పాను. ఆయన తలాడించాడు గానీ నమ్మలేదు. చివరికి ఆమే నోరు విప్పింది.

"బాపూ, బాయి మీద ఫ్యాన్ ఉంటదని చెప్తవ్ గద, లోపలికి గాలి పోయేటందుకు. గీయినెది గా ఫ్యాన్ పనే."

అప్పుడు ఆయన నా వైపు సరిగా తిరిగాడు. "ఫ్యాన్ ఆగితె?"

"ఇంకో మిషన్ అందుకుంటది మామా. అది సుత ఆగితె ఉరుకుడే."

"మాకు ఆగితె పని ఇడిశి బయటికొచ్చుడే. మీకాడ లోపల ఎంతమంది ఉంటరు?"

"మనుషులు ఉండరు. అన్ని మిషన్లే."

ఆయనకు దగ్గు వచ్చింది. తగ్గేదాకా అందరం ఆగాం.

"మనుషుల్లేని కాడ గంత సల్లగాలా?" అన్నాడు. "మేము దిగిన కాడ గాలి సాలకపోయేది. అంగీ ఇప్పి చెమట పిండుకునేది. గా గాలిల సగం మాకిచ్చినా..."

నా తప్పేమీ లేకున్నా నాకు సిగ్గనిపించింది.

"కూసో," అన్నాడాయన. బిడ్డను చాయ్ పెట్టమన్నాడు.

పెళ్ళిలో మామ నాకు పెట్టిన బట్టల పళ్ళెంలో, ధోతి కింద, కొత్త ఊలు స్వెటర్ ఉంది. చుట్టాలు పడీ పడీ నవ్వారు. ఆయన నవ్వలేదు. నా చెవి దగ్గరికి వంగి, "మంచిగ తొడుక్కో పిలగా. మాకెన్నడు దీంతోని పనిపడలే," అన్నాడు.