బెల్లం బంగారమాయె

పొద్దున్నే పేపరు విప్పగానే నేను చేసే మొదటి పని చదవడం కాదు, వాసన చూడడం. ఆరీ ఆరని సిరాలో కిరసనాయిలు కలిసినట్టుండే ఆ వాసన ఈ మధ్య బాగా పలచబడింది గానీ, కాగితాన్ని ముక్కుకు ఆనించి గట్టిగా పీలిస్తే ఇంకా కొంచెం దొరుకుతుంది. నిన్న అలాగే పీల్చి, కళ్లద్దాలు పెట్టుకొని చూస్తే మొదటి పేజీ నిండా ఎవరో ఇండ్ల స్థలాలు అమ్ముతున్నారు. దాని వెనక పేజీ కూడా వాళ్లదే. కందిపప్పు మళ్లీ పిరమైందన్న వార్త ఎక్కడో లోపల, ఎవరికీ వినబడకుండా దగ్గినట్టు, చిన్న అక్షరాల్లో ఉంది. పక్కన కార్టూను బొమ్మ లేదు. ఒకప్పుడు ధర పెరిగితే బొమ్మ ఉండేది. మొదటి పేజీలోనే, కింది మూలకు, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద గడిలో.

నాకు అక్షరాలు నేర్పినవి ఆ బొమ్మలే. చిన్న తరగతుల్లో ఉండగానే టైఫాయిడ్ వచ్చి మంచం పట్టాను. లేచేసరికి నా జతగాళ్లు పై తరగతికి పోయారు, నేను మళ్లీ బడి మెట్లెక్కలేదు. ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుగా ఖాజా మామ హోటలు ఉండేది. పేరుకు హోటలు గానీ రేకుల కింద రెండు బల్లలు, ఒక బొగ్గుల పొయ్యి, పొద్దుగూకేదాకా మరిగే చాయ. ఖాజా మామకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు రాదు. పేపరు మాత్రం గిరాకీ కోసం తెలుగుదే తెప్పించేవాడు. పొద్దటి బస్సులు పోయి బల్లలు ఖాళీ అయ్యాక నన్ను పిలిచి, చేతిలో ఒక బిస్కెట్ పెట్టి, "చదువు బేటా, ఇయ్యాల ఏం బొమ్మేసిండు?" అని అడిగేవాడు. వార్తలు అక్కర్లేదు ఆయనకు. "వార్తల అబద్ధముంటది, బొమ్మల ఉండది" అనేవాడు.

అవి డెబ్బైల నాటి రోజులు. ఆ గడిలో ఎప్పుడూ ఒక బక్క మనిషి, మోకాళ్ల దాకా ధోతి, చేతిలో ఖాళీ సంచి. ఒకనాడు చక్కెర డబ్బాకు తుపాకీ పట్టుకొని కావలి కాసేవాడు. ఇంకోనాడు వాళ్ల ఇంటావిడ ఒక్క కందిగింజకు దారం కట్టి చారులో ముంచి, తీసి, మళ్లీ ఉట్టి మీద దాచేది. నూనె సీసాను పిల్లలందరూ వరసగా నిలబడి వాసన చూసి, అన్నం కలుపుకొనేవారు. నేను కూడబలుక్కొని కింది మాట చదివితే, ఖాజా మామ కడుపు పట్టుకొని నవ్వి, నవ్వి, కళ్లు తుడుచుకొని, ఆ తర్వాత చాయలో చక్కెర ఒక చెంచా తక్కువ వేసేవాడు. ఆయన కూడా ఏం చేస్తాడు?

మా బాపు కామారెడ్డి బెల్లం మార్కెట్లో హమాలీ. వారమంతా అక్కడే ఏదో అరుగు మీద పడుకొని, వారానికోసారి ఆఖరి బస్సులో ఇంటికి వచ్చేవాడు. నిజాంసాగర్ కాలువ కింద బీర్కూరు దాకా ఎటు చూసినా చెరుకే కాబట్టి, చలి మొదలవుతూనే గానుగలు తిరగడం, కడాయిల్లో రసం ఉడకడం, దాని మీది మడ్డి తీసి పారబోసిన చోట కందిరీగలు ముసరడం, పొయ్యి దగ్గరికి పోయిన పిల్లలకు వేడి పాకంలో ముంచిన చెరుకు ముక్కలు దొరకడం, నాలుక కాలినా చెప్పకుండా మింగడం, ఇవన్నీ మాకు ఏటేటా వచ్చే పండుగ. ఆ బెల్లమంతా బండ్ల మీద కామారెడ్డికి పోయి, బాపు భుజం మీదుగా లారీలెక్కి, మేము పేర్లు కూడా వినని ఊర్లకు పోయేది. మా ఇంటికి వచ్చేది బాపు అంగీ ఒక్కటే. అవ్వ, అంటే మా అమ్మ, మా దిక్కు తల్లిని అట్లనే పిలుస్తాం, దాన్ని ఉతికే లోపల కొయ్యకు తగిలిస్తే, గోడ మొదలు నుంచి అంగీ భుజం దాకా చీమలు బారు కట్టేవి. బెల్లం లేని ఇంట్లో చీమలుండడం మా ఇంట్లోనే చూశాను. హోళీకి బెల్లం పూర్ణం పెట్టి బచ్చాలు చేసే ఇండ్ల ముందు నుంచి పోతుంటే, "గా వాసన చూడకురా, కడుపు నొస్తది" అని అవ్వ నా ముక్కు మూసేది.

ఆ జ్వరంలో నేను బతకనని వైద్యుడు చెప్పిపోయిన రోజు, అవ్వ చుట్టుతున్న బీడీల చాట పక్కన పెట్టి, కొంగు పరిచి సమ్మక్కకు మొక్కుకుందట. "తల్లీ, నా కొడుకు లేస్తే వాని నిలువెత్తు బంగారం ఇస్త." మా దిక్కు ఆ తల్లి దగ్గర బంగారం అంటే బెల్లమే. పిల్లవాణ్ని కాంటాలో ఒక పక్కన కూర్చోబెట్టి, రెండో పక్కన వాని బరువుకు సరిపడా బెల్లం పెట్టి, అది మేడారం జాతరకు తీసుకుపోయి తల్లి గద్దెకు ఇవ్వాలి. మొక్కినప్పుడు నేను బొక్కల గూడు. లేచి తిరగడం మొదలుపెట్టాక ఒంటి మీదికి కండ వచ్చింది, ఆ బక్కమనిషి బొమ్మలో బెల్లం ధర కూడా ఎక్కడం మొదలుపెట్టింది. రెండేండ్లకోసారి మాఘంలో జాతర. ప్రతి జాతరకూ నేను బరువు, బెల్లం పిరం. వాడలో ఎవరైనా నన్ను చూసి "లచ్చవ్వా, పోరడు మంచిగ ఒళ్లు జేసిండు గదనే" అంటే ఏ తల్లి అయినా మురుస్తుంది. మా అవ్వ మాత్రం ఉలిక్కిపడి, నా రెక్క పట్టుకొని లోపలికి గుంజి, "యాడ ఒళ్లు జేసిండు, ఎండుపుల్ల లెక్కున్నడు" అని దబాయించేది. కంచంలో అన్నం పెడుతూ పెడుతూ గరిటె ఆపి, నా వైపు చూసి, ఆ గరిటెడు పెట్టాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించి, తన మీద తనకే కోపం వచ్చి రెండు గరిటెలు వేసేది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

నాకు కొంచెం నలుపూ తెలుపూ తెలిసిన ఏడు, మాఘం ముందర, ఒక బొమ్మ వచ్చింది. పెద్ద కాంటా. ఒక తట్టలో ఆ బక్క మనిషి ముడుచుకొని కూర్చున్నాడు, పైకి లేచిపోయి గాలిలో ఊగుతున్నాడు. రెండో తట్టలో పిడికెడు బెల్లం ముద్ద, నేలకు తాకింది. కింద "బెల్లం బంగారమాయె!" అని ఉంది. నేను చదవగానే ఖాజా మామ బల్ల మీద చరిచి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నవ్వేదేముంది అందులో? అది మొక్కు బొమ్మ. కాగితం అడిగి తీసుకొని ఇంటికి ఉరికాను.

అవ్వ బీడీలు కిందపెట్టి, బొమ్మను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. "ఏమని రాసుండెరా?" చదివాను. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. ఆమె ముఖం మెల్లగా విప్పారడం నాకు ఇప్పటికీ కనబడుతుంది. "గంత పెద్ద మనిషికి గింత ముద్ద సరిపోయిందంటే, తల్లికి మన కష్టం ఎరుకైందిరా. నీకు గూడ గింతే చాలంటున్నది" అంది. బొమ్మను కత్తెరతో గీత వెంబడి కత్తిరించి, దేవుని గూట్లో పెట్టి, మూలన కుంకుమ బొట్టు పెట్టింది. ఆ పూట బీడీలు చుడుతూ చిన్నగా పాట కూడా పాడింది. అంతకు ముందు ఆమె పాట నేను విన్నది తక్కువ.

మర్నాడు నాకు తలంటి, ఉతికిన అంగీ తొడిగి, కిరాణం సేటు దుకాణానికి తీసుకుపోయింది. బస్తాలు తూచే పెద్ద కాంటా గొలుసులతో దూలానికి వేలాడుతుండేది. జాతర ముందు రోజులు కాబట్టి గిరాకీ చాలా ఉంది.

"సేటూ, పిల్లగాన్ని కాంటాల కూసోబెట్టు. అటుదిక్కు గీ బొమ్మల ఉన్నంత ముద్ద పెట్టు. మొక్కున్నది" అంది.

సేటు నన్ను ఎత్తి కూర్చోబెట్టాడు. కాగితం అందుకొని చూశాడు. ఒకసారి అవ్వను చూశాడు, ఒకసారి బొట్టును చూశాడు.

"లచ్చవ్వా, గిది సమ్మక్క బొమ్మ గాదే. పిరం బొమ్మ! బెల్లం పిరమైందని ఎక్కిరిచ్చిండు పేపరాయన."

గిరాకీకి వచ్చినవాళ్లంతా గొల్లున నవ్వారు. "లచ్చవ్వ పేపర్ల చూసి మొక్కు తీర్చుకుంటదట! రేపు పప్పు బొమ్మొస్తే దారం గట్టి గింజ అడుగుతదేమో!" అని ఒకాయన. "మంచి అగ్గువ మొక్కు, నాకు గూడొక బొమ్మ తెచ్చిపెట్టే అక్కా" అని ఇంకొకాయన. నా తట్ట కిందికి దిగి కూడా నేలకు అందక గాలిలో ఊగుతున్నది. దిగుదామంటే కాళ్లు అందడం లేదు.

అవ్వ నవ్వలేదు, ఏడవలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "బెల్లం బంగారమాయె అని రాసుండె గద సేటూ?"

"అవ్. గంత పిరమైందని."

"మనకు ఎప్పటికీ బంగారమే గద. గీళ్లకు గిప్పుడెరుకైందా?"

నవ్వు ఇంకా పెద్దదైంది. ఆమె హాస్యమాడిందనుకున్నారు. నా ఎదుటి తట్టలోకి బెల్లం రానే లేదు. అవ్వ వచ్చి నన్ను చంకన పట్టి దించుకుంది. అంత పెద్ద పిల్లవాణ్ని ఎత్తుకొని దుకాణం మెట్లు దిగింది. కాగితం అక్కడే ఉండిపోయింది. సేటు దాన్ని కాంటా పైన గోడకు అన్నం మెతుకులతో అతికించాడు. ఆ తర్వాత ఎవరు ధర అడిగి నోరెళ్లబెట్టినా, "నన్నడుగుతరేంది, గాయిన్నడుగుండ్రి" అని బొమ్మను చూపేవాడు. వాళ్లు బొమ్మను చూసి, నవ్వి, అడిగినంతా ఇచ్చి పోయేవారు. ఆ బొమ్మ గీసినాయనకు కోపం ఉండే ఉంటుంది, మా పక్షానే గీసి ఉంటాడు, నేను కాదనను. కానీ కోపం కాగితం దాటి ఎక్కడికీ పోలేదు. దుకాణందారుకు అది డాలు అయింది, కొనేవాడికి నవ్వు అయింది. కడుపు నిండినవాడు నవ్వితే సరే, కాలినవాడు కూడా నవ్వి సంచి దులుపుకొని పోయాడే, అదే నాకు ఈనాటికీ మింగుడు పడదు. కుంకుమ బొట్టు మాత్రం చాలా రోజులు చెదరలేదు.

ఆ వారం బాపు వచ్చాక అవ్వ ఏమీ దాచలేదు. బాపు విని, అంగీ విప్పి కొయ్యకు తగిలించి, చీమలు ఎక్కడం చూస్తూ కూర్చున్నాడు. "మోసుటానికే మనం, కొనుటానికి గాదు" అన్నాడు. "ఒక చిన్న ముద్దన్న ఇచ్చి తల్లికి చెప్పుకో, కోపం చెయ్యది" అని కూడా అన్నాడు.

"ఇగ నేను తల్లితోని బేరమాడ" అంది అవ్వ. "ఒక్కసారి గింత ముద్దకు ఆశపడితే ఊరంత నవ్వింది. ఇస్తే నిలువెత్తు ఇస్త, లేకుంటే బాకీ ఉంట."

ఆ మాట మీదే ఉంది. తెలిసిన అక్షరాలతోనే నేను బోర్డులు రాసే పని పట్టుకున్నాను. దుకాణాల పేర్లు, రేషన్ షాపు గోడ మీద బియ్యం ధర, నూనె ధర. రాసిన అంకె మీద సున్నం కొట్టి మళ్లీ పెద్ద అంకె రాయడమే ఎక్కువ పని. తొంభైల్లో బాపు నడుము పడిపోయింది, నా సంపాదన బియ్యానికి, మందులకు చాలీ చాలక పోయేది. జాతర వచ్చిన ప్రతిసారీ అవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసి, మళ్లీ బీడీల చాట ముందు కూర్చునేది. నాకు కాలు విరిగినా, పచ్చకామెర్లు వచ్చినా, చివరికి సైకిలు పోయినా మొక్కు బాకీ వల్లనే అని ఆమె లెక్క. తన ఆఖరి మాఘంలో మంచం మీద నుంచి నా చెయ్యి పట్టుకొని, తిట్టినట్టు కాదు, నిజం చెప్పినట్టు అంది: "ఏం జేద్దురా బిడ్డా. ధరన్న ఆగకపాయె, నువ్వన్న ఆగకపోతివి."

అవ్వ పోయింది. సేటు దుకాణం పోయి సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. ఖాజా మామ హోటలు రోడ్డు వెడల్పులో పోయింది. చెరుకు పోయింది, గానుగలు పోయాయి. బీర్కూరు దిక్కు ఇప్పుడు బస్సులో పోతే వరి తప్ప కనబడదు, పాకం వాసన ఎట్లుంటుందో పిల్లలకు చెబితే తలకెక్కదు. ధరలు మాత్రం ఎక్కడికీ పోలేదు.

పోయిన జాతరకు మేడారం వెళ్లాను. ఇప్పుడు కొనగలను. దారి పక్కన బెల్లం దుకాణం, మనిషి నిలబడితే అంకెలు వెలిగే కాంటా, బారులో జనం. నా వంతు వచ్చింది. "ఎవరి బరువు పెద్దాయనా?" అని అడిగింది దుకాణపు ఆమె. చెప్పులు విప్పాను గానీ ఎక్కలేకపోయాను. అవ్వ మొక్కింది ఈ ముసలి ఒంటికి కాదు. జ్వరంలో బొక్కల గూడై పడున్న పిల్లవానికి. వాని బరువు ఎంతో తూచినవాళ్లెవరూ లేరు.

"ఎక్కుతవా, జరుగుతవా? ఎన్క మంది ఉన్నరు" అంది ఆమె.

చెప్పులు చేతిలో పట్టుకొని పక్కకు జరిగాను.