గాడిదోళ్ళ వెన్జు ఆదివారం వంట

వెన్జు చెప్పలేని పని లేదు. చేసి చూపించమంటే మాత్రం ఆ రోజు నడుం నొప్పి. మాల్టా దీవిలో మేమిద్దరం ఒకే క్వారీలో రాయి కోస్తాం. నేను నోరు మూసుకుని కోస్తాను. వాడు కోస్తూనే చర్చి గోపురం ఎక్కడ వంకరగా కట్టారో, పడవ ఇంజను ఎందుకు ఆగిపోతుందో, డాక్టర్లు మందులు ఎంత తప్పుగా ఇస్తారో విడమరిచి చెబుతుంటాడు. రాతిదుమ్ము మా అందరి గొంతులోకీ పోతుంది. వాడి గొంతుని మాత్రం అది కూడా ఏం చేయలేకపోయింది.

వారమంతా దుమ్ము తిన్నాక మాకు మిగిలేది ఒక్క ఆదివారం. చర్చిలో పూజ అవగానే మా ఊరి బ్యాండు మేళం క్లబ్బుకి పోయి కూర్చుంటాం. కాళ్ళ కింద చల్లటి రాతి నేల, తలమీద ఫ్యాను, చేతిలో బీరు. భోజనం వేళదాకా లేవం. అప్పటికి ఇంట్లో పంది మాంసం, బంగాళాదుంపలు ఓవెన్లో ఎర్రగా కాలి మాకోసం చూస్తుంటాయి. అవెలా కాలాయని మేమెవరం ఎప్పుడూ అడగలేదు. వెన్జు ఒకరోజు అడక్కుండానే చెప్పాడు.

"అదీ ఒక వంటేనట్రా? దుంపలు కొయ్యి, పైన పంది ముక్కలు పడెయ్యి, తలుపు మూసెయ్యి. వండేది ఓవెను. మా జూజా చేసేదల్లా తలుపు మూయడం."

ఆ మాట వాడికన్నా ముందే వాళ్ళింటికి చేరింది. వాడి పెళ్ళాం జూజా కూడా వారమంతా జీన్సు ప్యాంట్ల ఫ్యాక్టరీలో మిషను తొక్కే మనిషి. ఆమె అరవలేదు. అరిచుంటే వాడు బతికిపోయేవాడు.

"తలుపు మూయడమేగా? వచ్చే ఆదివారం నువ్వు మూయి," అంది. "మా అమ్మ భోజనానికొస్తుంది. ఈ వంటింట్లో, నీ చేత్తో వండింది మా అమ్మ పూర్తిగా తిన్నదా, చచ్చేదాకా నీ క్లబ్బు నీది, నేను నోరెత్తను. వదిలేసిందా, ఇక ప్రతి ఆదివారం వంట నీది. క్లబ్బు బంద్."

"మీ అమ్మ తన పెళ్ళి భోజనానికే వంక పెట్టింది కదే!"

"అందుకే పిలిచాను."

అలా వాడి మిగతా ఆదివారాలన్నీ విత్తోర్య అత్తగారి నాలుక చివరకి వెళ్ళి వేలాడాయి.

ఆ ఆదివారం జూజా మంచి గౌను వేసుకుని, తల్లిని తీసుకురావడానికి పక్క ఊరు పోయింది. నేను మా పెరట్లో కోళ్ళకి నీళ్ళు పెడుతున్నాను. గోడ అవతల వెన్జు తల లేచింది.

"ఒరే సావేరూ, దుంపకి తొక్క తియ్యాలా?"

"మీ ఇంట్లో ఎప్పుడైనా తొక్కతో తిన్నావా?"

"చూసుకుని తిన్నానా ఏంటి? ఆకలేసి తిన్నాను."

గోడెక్కి చూశాను. క్వారీలో రాయి ఎలా కోస్తాడో దుంపల్నీ అలాగే కోశాడు. నాలుగు మూలలూ సమంగా వచ్చాయి, గోడ కట్టుకోవచ్చు. ఉల్లిపాయలు కోస్తూ ఏడ్చాడు, అదొక్కటి మాత్రం అందరూ చేసినట్టే చేశాడు. సోంపు డబ్బా మూత ఊడి సగం డబ్బా ట్రేలో పడింది.

"వాసన బాగుంటుంది," అన్నాడు, తనే కావాలని వేసినట్టు.

పైన మాంసం పరిచి, నీళ్ళు పోసి, ఓవెన్ తలుపు మూశాడు. మూయడం నిజంగానే బాగా మూశాడు. చేతులు తుడుచుకుని బీరు తెరిచాడు. బీరు సగం అయ్యేసరికి ఓవెను చల్లబడింది. గ్యాస్ బండ ఖాళీ. ఆదివారం గ్యాస్ లారీ రాదు. మా ఇంటి బండ అడుగుదామని మా కిటికీ వైపు చూశాడు. కిటికీలో మా ఆవిడ ఉంది, చూసిందంటే జూజాకి చెప్పకుండా ఉండదు. వాడు చూపు వెనక్కి తీసేసుకున్నాడు.

"రొట్టెల బట్టీకి తీసుకుపోతా," అన్నాడు.

"ఈ వంటింట్లోనే అంది కదరా."

"కోసింది ఈ వంటింట్లోనేగా! మంట ఎక్కడిదైతే ఏం?"

బట్టీ నడిపే పావ్లు తన రొట్టెలు కాల్చడం అయ్యాక, ఆ బట్టీ వేడిలో ఊళ్ళోవాళ్ళ ట్రేలు పెట్టించుకోవడం మాకు ఎప్పట్నించో ఉన్నదే. ట్రేలు కూడా అందరివీ ఒకే కొట్లో కొన్నవి. పావ్లు చీటీలు రాయడు. ఎవరి ట్రేనో అడుగుతాడు, ఇంటి మారుపేరు చెబితే గుర్తుపెట్టుకుంటాడు. మా మాల్టాలో ఇంటిపేర్లు గుప్పెడే. మా వీధిలో ఏ తలుపు తట్టినా కమిల్లేరి అంటారు. అందుకని ఇంటిపేరుతో ఎవర్నీ పిలవం. మేకలోళ్ళు, డప్పులోళ్ళు, మూతి కాలినోళ్ళు, ఇలా పిలుచుకుంటాం. వెన్జు వాళ్ళు గాడిదోళ్ళు. వాళ్ళ తాత పెంచిన గాడిద ఎప్పుడో చచ్చింది, పేరు చావలేదు.

బట్టీ ముందు ఆడవాళ్ళ వరస ఉంది. అందరూ జూజాని ఎరిగినవాళ్ళే. "గాడిదోళ్ళ ట్రే" అని పావ్లు ఒక్క కేక వేస్తే వెన్జు పని అయిపోయినట్టే. అందుకని నన్ను కాపలా పెట్టుకుని ట్రేని వెనక తలుపుకి తీసుకెళ్ళాడు. లోపల పావ్లు మాకు వీపు పెట్టి, పొడుగాటి పారతో ట్రేలు సర్దుతున్నాడు.

"ఎవరిది?" అన్నాడు, తిరిగి చూడకుండానే.

వెన్జు గొంతు మార్చాడు. బాప్తిస్మం నాటి నుంచి వాడకుండా దాచుకున్న ఇంటిపేరు బయటికి తీశాడు.

"కమిల్లేరి."

"ఇంకో ట్రేనా? ఇవాళ చుట్టాలొచ్చారా?"

వెన్జు నా వైపు చూశాడు. నేను భుజాలెగరేశాను.

"ఆఁ, వచ్చారు."

"అక్కడ పెట్టి పో."

తరవాత మళ్ళీ వెళ్ళేసరికి, వెనక అరుగు మీద గుడ్డ కప్పిన ట్రే ఒకటి ఉంది. "కమిల్లేరిది అదే, తీసుకుపో. రెండోది ఇంకా కాలాలి," అని లోపల్నుంచి పావ్లు అరిచాడు. రెండోది ఏంటని వెన్జు అడగలేదు. వీధి మలుపు తిరిగాక గుడ్డ ఎత్తి చూశాడు. దుంపలు సన్నగా, గుండ్రంగా, అంచులు కరకరలాడుతూ ఉన్నాయి. పంది చర్మం ఎర్రగా పొంగి ఉంది. సోంపు ఎంతుండాలో అంతే ఉంది.

"ఇది నీదేనంటావా?" అన్నాను.

"నాది కాక? వేడికి నీళ్ళు ఇంకిపోయి దుంపలు సన్నబడ్డాయి."

"గుండ్రంగా కూడా అయ్యాయి."

"మూలలు అరిగిపోతాయిరా. నీకు రాయి తప్ప ఏం తెలుసు?"

వాడు అబద్ధం ఆడుంటే బాగుండేది. నిజంగానే నమ్మాడు.

భోజనానికి సాక్షిగా నన్నూ కూర్చోబెట్టాడు. విత్తోర్య అత్తగారు ముందు పళ్ళేన్ని అన్ని వైపుల నుంచీ చూసింది. ఒక దుంప నోట్లో పెట్టుకుంది. ఇంకో దుంప పోయింది. మాంసం పోయింది. ఆఖరికి రొట్టెముక్కతో పళ్ళెం తుడిచి, ఆ పళ్ళెం మళ్ళీ ముందుకి చాపింది.

"ఇంకాస్త వెయ్యి అల్లుడూ."

జూజా మొహంలో రంగు పోయింది. ఇన్నేళ్ళలో ఆమె వంటకి తల్లి ఒక్కసారి కూడా పళ్ళెం రెండోసారి చాపలేదు. వెన్జు కుర్చీలో వెనక్కి వాలి ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

"కిటుకంతా కోతలో ఉంది అత్తయ్యా. దుంపని ఎలా పట్టుకోవాలంటే..."

తలుపు దబదబా మోగింది. జూజా తీసింది. గుమ్మంలో పోలీసు సార్జెంట్ గారు, బనీను మీదే. చేతిలో ట్రే. వెనక వాళ్ళావిడ. ఆయన మా ఊరివాడు కాదు, బదిలీ మీద వచ్చాడు. అందుకని ఆయనకి మారుపేరు లేదు. ఆయన ఇంటిపేరూ కమిల్లేరే, మా ఊళ్ళో ఆ పేరుతో పిలిచేది ఒక్క సార్జెంట్ గారినే. ఆ సంగతి నాకూ అప్పుడే వెలిగింది.

"ఈ కేసుకి పోలీసు బుర్ర అక్కర్లేకపోయింది," అన్నాడు సార్జెంట్. "పావ్లు ఒక దుంప చూసి, ఇది క్వారీవాళ్ళ కోత అన్నాడు. రెండోది చూసి, గాడిదోళ్ళది అన్నాడు."

ఆయన భార్య బల్ల మీద చూసింది. ఆమె ట్రేలో ఒక మూల మాత్రం మిగిలింది.

"అయ్యో, నా పంది మాంసం! నిన్నంతా నానబెట్టుకున్నాను!"

"నీదా అమ్మా?" అంది విత్తోర్య అత్తగారు, ఫోర్కు కింద పెట్టకుండానే. "మంచి చెయ్యి. నిలబడ్డావేం, కూర్చో."

జూజా మొహంలోకి రంగు మెల్లగా తిరిగొచ్చింది.

"అయితే మా ఆయన వండింది అదన్నమాట. ఆ ట్రే ఇలా బల్ల మీద పెట్టండి సార్జెంట్ గారూ."

"ఆగవే! మీ అమ్మ తినేసింది, పందెం అయిపోయింది," అన్నాడు వెన్జు. "సావేరూ, నువ్వు చూశావుగా, చెప్పరా."

నేను గోడమీద మరియమ్మ పటాన్ని చూస్తున్నాను.

"నీ చేత్తో వండింది అన్నాను," అంది జూజా. "అమ్మ తిన్న దుంపలు కోసిందెవరు?"

"అంటే, బట్టీ వేడికి..." అని మొదలుపెట్టి, సార్జెంట్ మొహం చూసి ఆపేశాడు.

జూజా తల్లి పళ్ళెంలో ఒక దుంప వేసింది. టక్‌మంది. అత్తగారు ఫోర్కు గుచ్చింది, దిగలేదు. కత్తి అందుకుంది. పైన మాడింది, లోపల పచ్చి. ఒక చిన్న ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు ఓర్చుకుంది. తర్వాత చేతిరుమాలు అడ్డం పెట్టుకుని అందులోకి దించేసింది.

"అల్లుడూ, తప్పుగా అనుకోకు. మా పెరటి గోడ పడిపోయింది. ఇవి అక్కడికి పంపించు."

సార్జెంట్ నవ్వాపుకోలేక, మిగిలిన ఆ మూల మాంసం నిలబడే తినేశాడు. ఆయన భార్యకి జూజా కుర్చీ వేసి, రొట్టె, గుడ్లు పెట్టింది. తర్వాత మేకుకున్న ఏప్రన్ తీసి, వెన్జు మెడలో వేసి, వెనక ముడి బిగించింది.

"పై ఆదివారం మీరు మా ఇంట్లోనే తినాలి సార్జెంట్ గారూ," అంది. "మా ఆయన వండుతాడు."

సార్జెంట్ ఆ ట్రే వైపు ఒకసారి చూశాడు.

"నాకు డ్యూటీ ఉందమ్మా."

"జూజా," అన్నాడు వెన్జు, వాడి నోట అంత మెత్తటి గొంతు నేనెప్పుడూ వినలేదు. "పై ఆదివారం క్లబ్బులో కొత్త పాట వాయిస్తారే. ఆ ఒక్కటీ విని..."

"వంటింటి కిటికీ తెరుచుకో," అంది జూజా. "బాగా వినబడుతుంది."