హమీదా తీసేసిన లాంపు

హమీదాకు రోత ఎక్కువ. భోజనాల్లో పక్కవాళ్ళు విస్తట్లోనే చెయ్యి కడిగితే ఆవిడ అన్నం వదిలేసి లేచిపోతుంది. బస్సులో ఎవరైనా గోళ్ళు కొరుకుతుంటే సీటు మారుతుంది. "నీకు మనుషులంటేనే రోత" అని భర్త కాలేషా నవ్వుతుంటాడు. అలాంటి మనిషి ఏలూరులో ఇన్నేళ్ళపాటు శోభనం గదులు అలంకరిస్తూ ఎలా నెగ్గుకొచ్చిందో ఆయనకే వింత.

ఆ పనిలోకి ఆవిడ కావాలని రాలేదు. కాలేషా పెళ్ళిళ్ళకు సీరియల్ బల్బులు కట్టేవాడు. "పడగ్గదిలోకి మగాళ్ళెందుకండీ, మీ ఆవిణ్ణి పంపించండి" అనేవారు పెళ్ళివారు. పూలు కట్టడానికని వెళ్ళి, చివరికి గది మొత్తం ఆవిడ చేతిలోకొచ్చింది. ఇరుకిళ్ళలో శోభనం గది అంటే మామూలు రోజుల్లో బియ్యం బస్తాలు, ట్రంకుపెట్టెలు పడేసుకునే గదే. ట్యూబులైటు వేస్తే పెచ్చులూడిన గోడ, మూలన బూజు అన్నీ పెళ్ళికూతురి మొహం మీదే పడ్డట్టుంటాయి. అందుకని హమీదా ముందు ట్యూబులైటు ఆపేసేది. సామాన్లకు అడ్డంగా కర్టెన్ కట్టి, మంచానికి కాళ్ళవైపు మూలన స్టూలేసి, దాని మీద టేబుల్ లాంపు పెట్టేది. దాని తొడుగు తనే కుట్టింది, లేత నారింజ రంగు పట్టుగుడ్డతో. ఆ వెలుగు గోడ మీద సగం దాకా పాకి ఆగిపోయేది. ఇరుకు గది కాస్తా ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలియకుండా పోయేది. ఆ కాసేపు మాత్రం ఆవిడకు తన పని మీద ఎక్కడలేని ఇష్టం పుట్టేది.

రోత ఆ తర్వాత మొదలయ్యేది. బావలు, బాబాయిలు గుంపుగా వచ్చి మంచం మీద ఎగిరి కూర్చుని "ఆగుతుందంటారా" అని ఒకరినొకరు పొడుచుకునేవారు. పళ్ళెంలో మిఠాయిలు కొరికి మళ్ళీ అక్కడే పెట్టేవారు. లాడ్జీల్లో ఉండే ఎర్ర బల్బు లేదా అని అడిగేవారు. హమీదా వినబడనట్టు పూలు సర్దుకునేది. ఇంటికెళ్ళాక మాత్రం తలారా నీళ్ళు పోసుకుంటేగాని అన్నం ముట్టుకునేది కాదు.

పోయిన మాఘమాసంలో మండవల్లి నుంచి పిలుపొచ్చింది. పిలిచినాయన నాగభూషణరావు, చేపల చెరువులకు మేతగా తవుడు, వేరుశనగ చెక్క అమ్మే వ్యాపారి. కూతురు విజయదుర్గ పెళ్ళయింది, ఆ రాత్రికి ముహూర్తం. దుకాణం వెనకే ఇల్లు. గదిలో నిన్నటిదాకా తవుడు బస్తాలే ఉన్నాయి. ముక్కిన వాసన గోడలకు పట్టేసింది. కిటికీ తీస్తే చెరువు నీచు వాసన. హమీదా చీర కొంగు ముక్కుకు చుట్టుకుని, గదంతా రెండుసార్లు కడిగించి, సాంబ్రాణి వేసి, సాయంత్రానికి ఒక రూపానికి తెచ్చింది.

లాంపు వెలిగించి చూసుకుంటుంటే రాజకుమార్ అనే ఆయన పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ లోపలికొచ్చాడు. పెళ్ళికొడుకు క్రాంతి కుమార్‌కు అక్క మొగుడు. తలుపు దగ్గరగా వేశాడు.

"బాగా చేశారండీ. ఒక చిన్న సాయం కావాలి" అని జేబులోంచి చొక్కా గుండీ అంత నల్లటి వస్తువు తీశాడు. "ఇది ఆ లాంపు గుడ్డ లోపల, మంచం వైపుకి ఉండేట్టు పెట్టెయ్యండి. మీరైతే కనబడకుండా కుట్టేస్తారు."

"ఏంటండీ అది?"

"కెమెరా అండీ. మా బామ్మర్దిని ఏడిపిద్దామని. సరదాకి."

హమీదా ఒకడుగు వెనక్కి జరిగింది. "ఆ అమ్మాయికి తెలుసాండీ?"

"తెలిస్తే ఇంక సరదా ఏముందండీ" అని నవ్వాడు. పంటి సందులో ఇంకా ఆకుకూర ఉంది.

ఆవిడ స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, లాంపు చంకలో పెట్టుకుంది. "మీ పని మీరు చూసుకోండి, మీకెందుకండీ ఇవన్నీ" అంటూ ఆయన అడ్డం నిలబడ్డాడు. "జరగండి" అంది. ఆవిడ మొహం చూసి జరిగాడు.

పెళ్ళికొడుకుకి చెబితే చాలు, ఆయనే చూసుకుంటాడనుకుంది హమీదా. క్రాంతి కుమార్ మేడ మెట్ల మీద ఒక్కడే కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. సంగతి చెప్పింది. కోపంతో లేస్తాడనుకుంటే తల దించుకుని నవ్వాడు.

"బావ అంతేనండీ. మీరు పెట్టకండి, సరిపోతుంది. గొడవెందుకు? మొన్న మా ఫ్రెండ్ పెళ్ళిలో కూడా బావ ఇలాగే..." అని ఠక్కున ఆగిపోయాడు.

"ఇలాగే అంటే?"

"అందరూ చూశారండీ. నేనొక్కణ్ణే కాదు."

మనిషి శుభ్రంగా ఉన్నాడు. తెల్ల పంచె, నుదుటన బొట్టు, ఒంటికి సెంటు. అయినా ఆ క్షణాన తవుడు ముక్కిన వాసన ఈ కుర్రాడి ఒంట్లోంచే వస్తోందనిపించింది హమీదాకు. ఆ బావ సంగతి సరే, వాడి మొహం మీదే రాసి ఉంది. ఇతను బొట్టు పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు, ఇంకాసేపట్లో ఆ పిల్ల పక్కన కూర్చోబోతున్నాడు.

ఆవిడ తిన్నగా వంటింటి పక్క గదిలోకి వెళ్ళింది. విజయదుర్గకు జడ వేస్తున్నది నాయనమ్మ సుందరమ్మ. మిగతా ఆడవాళ్ళను కాసేపు బయటికి వెళ్ళమని చెప్పి, ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పింది. పెద్దావిడ కప్పెట్టమంటుందేమోనని లోలోపల భయం. సుందరమ్మ మాత్రం జడ చివరిదాకా అల్లి, ముడేసి, "వాణ్ణి పిలువమ్మా" అంది.

క్రాంతి కుమార్ గుమ్మంలో నిలబడ్డాడు. దుర్గ తలెత్తి అడిగింది. "మీ ఫ్రెండ్ పెళ్ళి వీడియో మీరు చూశారా?"

అతను తలూపాడు.

"ఆవిడకి తెలుసా?"

"తెలీదు" అన్నాడు సన్నగా.

దుర్గ చేతికున్న పూలచెండు విప్పి మంచం మీద పెట్టింది. "నాయనమ్మా, నేను ఆ గదిలోకి వెళ్ళను."

నాగభూషణరావు పరుగున వచ్చాడు. "ముహూర్తం దాటిపోతుందమ్మా. నలుగురూ ఉన్నారు. తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం."

"ఒరేయ్ భూషణం" అంది సుందరమ్మ. "నువ్వెళ్ళి ఆ రాజకుమార్‌ని సాగనంపు. మాట్లాడుకోవడానికి ఇంకేం లేదు."

గొడవ పెద్దదే అయింది. మగపెళ్ళివారు "పూలు కట్టుకునే మనిషి మాట పట్టుకుని" అన్నారు. రాజకుమార్ అసలు కెమెరాయే లేదన్నాడు, తర్వాత ఆటబొమ్మ అన్నాడు. రాత్రి భోజనాల వేళకి వాళ్ళ కార్లు వెళ్ళిపోయాయి. హమీదాకు ఎవరూ పని డబ్బులు ఇవ్వలేదు, ఆవిడ అడగనూ లేదు. ఇంటికొచ్చి కాలేషాకు చెబుతుంటే మధ్యలోనే వాంతయింది. ఆయన వీపు నిమిరి, "లాంపు లోపలికి తేనా" అని అడిగాడు. "వద్దండీ, బయటే ఉండనివ్వండి" అంది.

కాపురానికి వెళ్ళాలంటే దుర్గ పెట్టిన షరతు ఒక్కటే. ఆ స్నేహితుడి భార్య దగ్గరికి క్రాంతి కుమార్ తనే వెళ్ళి, జరిగింది తన నోటితో చెప్పాలి. చాలాకాలం అతను వెళ్ళలేదు. ఆఖరికి ఎండలు ముదిరాక వెళ్ళాడు. ఆ అమ్మాయి పోలీసు స్టేషన్‌లో కంప్లయింట్ ఇచ్చింది, ఇతను సాక్ష్యం చెప్పాడు. రాజకుమార్ కేసులో ఇరుక్కున్నాడు. అక్క తమ్ముడితో మాట్లాడటం మానేసింది.

కొల్లేరు పక్క ఊళ్ళలో హమీదాకు తగవులు పెట్టే మనిషని పేరొచ్చింది. పిలుపులు తగ్గాయి. వచ్చిన వాటికీ తనే వెళ్ళలేదు. ఇప్పుడు హాస్టల్ గదులు, పిల్లలు చదువుకునే గదులు, బాలింతల గదులు సర్దిపెడుతోంది. ఎక్కడైనా లాంపు పెట్టేముందు తొడుగు లోపల వేళ్ళు పెట్టి చుట్టూ తడిమి చూస్తుంది. తనే కుట్టిన తొడుగైనా సరే. ఆ తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుంటుంది.

వానలు మొదలయ్యాక దుర్గ ఫోన్ చేసింది. "ఆంటీ, తాడేపల్లిగూడెంలో ఒక గదీ వంటిల్లూ అద్దెకి తీసుకున్నాం. మీరే వచ్చి సర్దాలి."

"కలిసే ఉంటున్నారా అమ్మా?"

"ఉండి చూద్దామనుకుంటున్నాను ఆంటీ."

హమీదా వెళ్ళింది. నీలం తొడుగు వెయ్యమంది దుర్గ. చిన్న గదికి నీలం చలి పుట్టిస్తుంది, లేత ఆకుపచ్చ అయితే బాగుంటుందని చెప్పి అదే వేసింది. గది నిజంగానే బాగా కుదిరింది. పిల్ల ముఖం తేటగా ఉంది, ఇంటర్వ్యూకి చదువుకుంటోందట. అది చూసి హమీదా సంతోషపడింది.

అంతలో క్రాంతి కుమార్ వంటింట్లోంచి రెండు గ్లాసులతో వచ్చాడు. "కాఫీ తీసుకోండి ఆంటీ" అన్నాడు, కళ్ళు కలపకుండా. చిక్కగా, పొగలు కక్కుతూ ఉంది. తెల్లవారి బస్సెక్కిన దగ్గర్నుంచీ ఆవిడ కడుపులో ఏమీ పడలేదు. మారాడు కాబోలు, పాపం, అనుకుంది కూడా. గ్లాసు అందుకుంది. నోటిదాకా తీసుకెళ్ళింది. కాఫీలోంచి తవుడు ముక్కిన వాసన వచ్చినట్టనిపించింది.

"ఉపవాసం బాబూ" అని అబద్ధం చెప్పి, గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, సంచి తీసుకుని బస్టాండుకి నడిచింది.