హెడ్డుగారి లిమిట్సు

మా మామగారు బుచ్చిబాబు గారు ముప్పై నాలుగేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి ఒక్క దొంగనీ పట్టుకోలేదు. ఈ మాట నేనంటే కోడలి నోటిదురుసు అనుకుంటారు గానీ, ఆయనే గర్వంగా చెప్పుకుంటారు. హెడ్ కానిస్టేబుల్ హోదాలో స్టేషన్ రైటరుగా చేశారు. ఏ ఊళ్ళో అని అడక్కండి. పేరు చెబితే అక్కడివాళ్ళు నా మీద కేసు పెడతారు, ఏ స్టేషన్లో పెట్టాలో తేలాక. ఆ నగరంలో ఏం జరిగినా అది ఎవరి లిమిట్సులోకి వస్తుందో తేల్చడమే ఆయన పని. నూటికి తొంభై సార్లు "మాది కాదు" అనే తేల్చేవారు. ఒకసారి కాలవ వంతెన మీద లారీ వచ్చి సైకిల్‌ని గుద్దితే, సుద్దముక్కతో గీత గీసి, ముందు చక్రం వన్ టౌన్‌ది, వెనక చక్రం టూ టౌన్‌ది అన్నారు. ఆ సైకిల్ మనిషి పదకొండు నెలలు రెండు స్టేషన్ల చుట్టూ తిరిగాడట. దానికి ఈయనకి ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

రెండువేల ఇరవై ఫిబ్రవరిలో మూడు నెలలు ఉండి పోదామని డబ్లిన్‌లో టాలాలోని మా ఇంటికి వచ్చారు. రెండు సూట్‌కేసులు. ఒకదాంట్లో పచ్చళ్ళు, రెండోదాంట్లో నాలుగు వందల పేజీల రాతప్రతి. అది ఆయన రాస్తున్న నగర పోలీసు శాఖ చరిత్ర. వన్ టౌన్ ఎప్పుడు చీలి టూ టౌన్ పుట్టింది, ట్రాఫిక్ ఏ ఏడు వేరుపడింది, గుర్రపు దళాన్ని ఎవరు ఎత్తేశారు, ఆ గుర్రాల్లో ఏది ఏ స్టేషన్ లిమిట్సులో చచ్చింది, అన్నీ ఉన్నాయి. రోజుకో అధ్యాయం మాకు చదివి వినిపించేవారు. మా ఆయన విజయేంద్రకి సరిగ్గా ఆ వేళకే ఆఫీసు కాల్స్ వచ్చేవి, దొంగమొహం.

మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు. విమానాలు ఆగిపోయాయి. ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటి ఎవరూ నడవకూడదన్నారు. ఊరంతా దిగులు పడితే మామగారు మటుకు సోఫాలోంచి లేచి చప్పట్లు కొట్టారు.

"ఆహా! మనిషికో స్టేషన్ లిమిట్సు ఇచ్చారమ్మా! మావాళ్ళకి ఇంత బుర్ర ఏదీ!"

మర్నాటికల్లా మా ఇంటికి కూడా పంపకాలైపోయాయి. వంటిల్లు వన్ టౌన్, హాలు టూ టౌన్, మేడ మీద ఔట్‌పోస్టు. నేను పనిచేసేది స్టెంట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో, మాకు సెలవల్లేవు. ఒకరోజు షిఫ్టు దిగి వచ్చేసరికి పాలు పొంగి నేలంతా పారాయి. ఆయన పక్కనే కుర్చీ వేసుకుని చూస్తున్నారు.

"మావయ్యగారూ, కాస్త గుడ్డ పెట్టి తుడవొచ్చుగా?"

"పొంగింది వన్ టౌన్‌లో తల్లీ. పారింది టూ టౌన్‌లోకి. తుడిచేది ఎవరో తేలకుండా ఎలా తుడుస్తాం?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రోజు నేనన్న మాటలు ఇక్కడ రాయను.

పక్కింట్లో మార్తా అని డెబ్బై తొమ్మిదేళ్ళావిడ ఒంటరిగా ఉంటుంది. ఆమె భర్త ఫిన్‌బార్ రిటైరైన పోలీసు, ఇక్కడివాళ్ళ భాషలో గార్డు. ఆ సంగతి తెలిసిన క్షణం నుంచి మా మామగారికి కాలు ఇంట్లో నిలవలేదు. కంచెకి అటొక కుర్చీ, ఇటొక కుర్చీ, మధ్య రెండు మీటర్లు. పాతకాలంలో డబ్లిన్ పోలీసుల్ని ఏ నుంచి జీ దాకా అక్షరాలతో విడగొట్టారనీ, జీ అంటే డిటెక్టివులనీ, పంతొమ్మిది వందల ఇరవై ఐదులో అందర్నీ దేశపు పోలీసుల్లో కలిపేశారనీ మార్తా చెబుతుంటే ఈయన నోట్సు రాసుకునేవారు. ఈయన ఇంగ్లీషంతా ఎఫ్.ఐ.ఆర్ ఇంగ్లీషే. "సదరు మహిళ ఇట్లు తెలియజేసినది" అన్న ధోరణిలో మాట్లాడితే ఆమె పకపకా నవ్వేది.

మే నెలాఖర్లో ఆ నవ్వు ఆగిపోయింది. ఫిన్‌బార్‌కి మతిమరుపు ముదిరి జనవరి నుంచి నర్సింగ్ హోమ్‌లో ఉన్నాడు. బాగా నీరసించిపోయాడనీ, లోపలికి రానివ్వం గానీ కిటికీ బయట నిలబడి చూసుకోవచ్చనీ ఫోన్ చేశారు. అప్పటికి హద్దు ఐదు కిలోమీటర్లకి పెరిగింది. నర్సింగ్ హోమ్ ఐదు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు. జూన్ ఎనిమిదికి హద్దు ఇరవై చేస్తారంటున్నారు. అందాకా ఆయన ఉంటాడో లేదో ఎవరికీ తెలియదు.

"నా కారెక్కండి, నేను తీసుకెళ్తా. ఇలాంటిదానికి ఎవరూ అడ్డు చెప్పరు" అన్నాను.

"యాభై రెండేళ్ళుగా గార్డు పెళ్ళాన్నమ్మా. రూలు దాటి వెళ్ళి ఆయన మొహం ఎలా చూడను?" అని ఏడ్చింది మార్తా.

ఆ మొండితనానికి ఒళ్ళు మండింది, ఆమెని చూస్తే దగ్గరికి తీసుకోవాలనిపించింది. రెండూ ఒకేసారి.

ఆ పూట మామగారు అన్నం ముట్టలేదు. పళ్ళెం ముందు కూర్చుని నెమ్మదిగా చెప్పారు.

"ఎనభై తొమ్మిదిలో ఒకావిడ మొగుడు కనపడ్డంలేదని వచ్చిందమ్మా. ఆ వీధి మాది కాదని టూ టౌన్‌కి పంపా. వాళ్ళు త్రీ టౌన్‌కి పంపారు. తిరిగి నా దగ్గరకొచ్చేసరికి ఆయన పెద్దాసుపత్రిలో పోయాడు. పుస్తకంలో ఆ ఏడాది కింద 'సరిహద్దుల పునర్విభజన' అని రాశా. ఇంకేం రాయలేదు."

ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే, పెళ్ళయిన పన్నెండేళ్ళలో మొదటిసారి ఆయన మీద జాలేసింది.

మర్నాడు పొద్దున్నే మ్యాపు పరిచి నన్ను పిలిచారు. "కలెక్టరు ఆఫీసులో కూర్చుంటే ఆఫీసు. ఇంట్లో కూర్చుంటే క్యాంపు ఆఫీసు. చెట్టు కింద కూర్చున్నా క్యాంపే, అక్కణ్ణుంచి ఆర్డరు చెల్లుతుంది. మార్తా గారి క్యాంపు ఓ ఆరు వందల మీటర్లు ముందుకి జరిపితే సరి!"

సరిగ్గా ఆ దూరంలో, అదే దారిలో, మా స్నేహితురాలు జయశ్రీ ఇల్లుంది. ఫోన్ చేస్తే కరీంనగర్ గొంతుతో ఖంగుమంది. "ఏందే మధులికా, ఆ ముసలామెను మా గార్డెన్ల కూసోబెడ్తవా? మీ మామకు దిమాగ్ గిట్ల ఖరాబయిందా?" అంతా విన్నాక, "సరే తోల్కరా, ఉప్మా చేస్త" అంది.

మార్తా ఒకే ప్రశ్న వేసింది. ఈ క్యాంపు అనేది చట్టంలో ఉందా అని.

"బ్రిటిషువాళ్ళు మాకు నేర్పి పోయారండీ" అన్నారు మామగారు.

"అయితే మాకూ నేర్పే ఉంటారు" అని ఆమె కోటు తొడుక్కుంది.

జయశ్రీ గార్డెన్‌లో కుర్చీ, కెటిల్, ఏసుప్రభువు పటం, అట్టముక్క మీద "క్యాంపు: శ్రీమతి మార్తా" అన్న బోర్డు. క్యాంపన్నాక ఒక్క అధికారిక పనైనా జరగాలని ఈయన పట్టుబట్టి, పది నలభైకి ఆమె చేత రిజిస్టరులో సంతకం పెట్టించారు. ఉప్మా తిని బయల్దేరాం.

దార్లో చెక్‌పోస్టు. కుర్ర గార్డు వంగి, ఎక్కడ ఉంటారని అడిగాడు. మార్తా "క్యాంపులో" అంది. వెంటనే వెనక సీట్లోంచి మా మామగారి రెండు పేజీల మెమో వచ్చింది. ఆ అబ్బాయి మొదటి పేజీ చదివాడు, రెండోది చదివాడు, మే నెల ఎండలో మంకీ క్యాపు పెట్టుకున్న ఈయన్ని చూశాడు, "గ్రాండ్" అని, అంటే ఇక్కడివాళ్ళ భాషలో సరే పొమ్మని, చెయ్యి ఊపాడు.

"భర్తని చూడ్డానికని చెప్పినా వదిలేవాడు" అన్నాను. ఇద్దరూ నన్ను కొరకొరా చూశారు.

నర్సింగ్ హోమ్ కిటికీ నాలుగు వేళ్ళ మందం తెరిచి ఉంది. లోపల కుర్చీలో ఫిన్‌బార్, ఎముకల గూడులా ఉన్నాడు. మార్తా అద్దం మీద అరచెయ్యి ఆనించి పేరు పెట్టి పిలిచింది. ఆయన ఆమెని చూశాడు, ఎవరో దారిన పోయే మనిషిని చూసినట్టు. ఆ చూపు ఆమెని దాటి వెనక నిలబడ్డ మా మామగారి మీద ఆగింది. లోపలున్నది పోలీసు కదా అని ఈయన పొట్ట లోపలికి పీల్చి, మడమలు కలిపి, అటెన్షన్‌లో నిలబడ్డారు.

ఫిన్‌బార్ కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. సెల్యూట్ కొట్టాడు.

"అంతా ప్రశాంతం, సార్."

మామగారి చెయ్యి దానంతటదే పైకి లేచింది. మార్తా మొహం పాలిపోయింది. నాకు అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది. ఆమె మాత్రం రెండు మీటర్ల సంగతి మరిచి, మా మామగారి చొక్కా పట్టుకుని లాగింది.

"నువ్వడుగు. తింటున్నాడో లేదో అడుగు."

"ఆహారము క్రమముగా తీసుకొనుచున్నారా, తెలుపవలెను" అని అడిగారీయన, తన స్టేషన్ ఇంగ్లీషులో.

"తింటున్నాను సార్. బంగాళాదుంపలు మాత్రం ఉడకవు."

మార్తా ఏడుస్తూనే నవ్వింది. "నేను గుర్తున్నానా అని అడుగు."

మామగారు రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. "మార్తా అను వ్యక్తిని మీరెరుగుదురా? ఎరిగినచో ఏ విధముగా?"

ఫిన్‌బార్ చెయ్యి దించాడు. "నా భార్య సార్. ఇంటి దగ్గర ఉంది." అటూ ఇటూ చూసి, కిటికీ సందు దగ్గరికి వంగి, గొంతు తగ్గించాడు. "నేనిక్కడ ఉన్నట్టు ఆమెకి మాత్రం తెలియనివ్వకండి సార్. కంగారు పడుతుంది."

మామగారు మార్తా వైపు చూశారు. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపింది.

"చెప్పం బాబూ, చెప్పం" అన్నారాయన, తెలుగులో.