పైవాటాలో పగటినిద్ర

టైలరమ్మ అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. భర్త పోయాక మిషను తొక్కి కొడుకును చదివించింది. ఆ మిషను సంపాదనతోనే ఇంటిపైన ఇంకో వాటా వేసింది. కింద తనూ, కొడుకూ. పైన అద్దెకు ఒక బస్సు డ్రైవరు, అతని భార్య. డ్రైవరుది రాత్రి డ్యూటీ. పొద్దున ఇంటికొచ్చి పగలంతా పడుకోవాలి.

పడుకోవాలనే గానీ, ఎండాకాలం ఆ వాటాలో కన్ను మూతపడేది కాదు. పల్చటి శ్లాబు, పడమటి గోడకు నీడ లేదు. మధ్యాహ్నం గోడమీద చెయ్యి పెడితే చురుక్కుమనేది. ఫ్యాను వేస్తే వేడిగాలే ముఖాన కొట్టేది. కూలరు కొంటే బిల్లు పెరిగింది తప్ప గది చల్లబడలేదు. పైకప్పుకు వేడి ఆపే తెల్లపూత వేయించి, పడమటి కిటికీకి బయట నీడ కట్టించమని డ్రైవరు భార్య రెండుసార్లు కిందికి దిగి అడిగింది. చూద్దాంలే అంది టైలరమ్మ. కొడుకు ఆమాత్రం మొహమాటం కూడా పడలేదు.

“కరెంటు బిల్లు కట్టేది వాళ్ళు, తగ్గితే మిగిలేదీ వాళ్ళకే. మధ్యలో మనకేంటమ్మా?”

ఆ మాటలో ఆమెకు తప్పేమీ కనబడలేదు. వీళ్ళు ఖాళీ చేస్తే మర్నాడే ఇంకొకరు వస్తారు.

ఒక పొద్దున లైనింగు గుడ్డ కోసం టోకు బజారుకు బయల్దేరి బస్సెక్కింది. తీరా చూస్తే స్టీరింగు దగ్గర ఉన్నది పైవాటా డ్రైవరే. అతనికది ఆఖరి ట్రిప్పు. పలకరిద్దామని సరిగ్గా వెనక సీట్లోనే కూర్చుంది. అద్దంలో అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బస్సు ఫ్లైఓవరు ఎక్కింది. ఏదో అడగబోయి ఆమె మళ్ళీ అద్దంలోకి చూసింది. రెప్పలు మూసుకుపోయి ఉన్నాయి. తల మెల్లగా ముందుకు వాలుతోంది. బస్సు పక్కకు జరుగుతూ పిట్టగోడ మీదికి పోతోంది.

అడ్డు కమ్మీ మీదుగా చెయ్యి చాచి అతని భుజం పట్టి కుదిపేసింది. బ్రేకు పడింది. బస్సు గోడను గీసుకుంటూ పోయి ఆగింది. నిలబడ్డవాళ్ళు ఒకరిమీద ఒకరు పడ్డారు. ఒక పెద్దాయనకు నుదురు చిట్లింది. కిటికీలోంచి కిందికి చూసిన ఒకావిడ మెట్లమీద కూలబడింది.

తాగాడన్నారు కొందరు, ఫోను చూస్తున్నాడన్నారు ఇంకొందరు. డ్రైవరు దిగి రోడ్డు పక్కన నిలబడ్డాడు. డిపో నుంచి సూపర్వైజరు వచ్చి, వెనక సీట్లో ఎవరున్నారని అడిగాడు. అందరూ టైలరమ్మను చూపించారు.

నిద్రపోయాడంటే ఉద్యోగం పోతుంది. నిద్రపోలేదంటే రేపు మళ్ళీ ఇదే మనిషి, ఇదే బస్సు. డ్రైవరు ఆమె వైపు చూడలేదు.

“నిద్రపోయాడు,” అంది. “తాగలేదు, ఫోనూ చూళ్ళేదు. పగలు పడుకోవడానికి వీల్లేని గది అతనిది. ఆ గది నాదే. ఇంటి ఓనరుని నేనే.”

సూపర్వైజరు ఆమెను ఎగాదిగా చూసి, నిద్రపోయాడన్నంతవరకే రాసుకున్నాడు.

మధ్యాహ్నం ఆమె పైకి వెళ్ళింది. డ్రైవరు తలమీద తడిగుడ్డ వేసుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు. అతని భార్య కూర్చోమనలేదు. అయినా కూర్చుంది. కాసేపటికే చీర ఒంటికి అతుక్కుపోయి తల దిమ్మెక్కింది.

“ఉన్నదున్నట్టు చెప్పాల్సిందేనా అక్కా?” అని అడిగింది భార్య.

కప్పు బాగుచేయిస్తానని, ఆ పని అయ్యేదాకా అతన్ని కింద మిషను గదిలో పడుకోమని అంది టైలరమ్మ.

“ఉద్యోగమే పోతే పగలు పడుకుని ఏం చెయ్యనక్కా?” అన్నాడు డ్రైవరు.

సంగతి వినగానే కొడుకు ఇంతెత్తున లేచాడు. రేపోమాపో ఖాళీ చేసేవాళ్ళ కోసం ఇంత ఖర్చేమిటన్నాడు. ఆ గదిలో ఒక్క మధ్యాహ్నం పడుకుని వచ్చి మాట్లాడమంది ఆమె. వాడు వెళ్ళలేదు. ఆమె కూడా మళ్ళీ అనలేదు. మోటారు మిషను కోసం దాచుకున్నదంతా తీసి కప్పుకు పెట్టింది. తెల్లపూత పడింది, కిటికీ బయట నీడ వచ్చింది, శ్లాబు కింద వేడి ఆపే పలకలు బిగించారు. గది చల్లబడిపోయిందని కాదు గానీ, మనిషి నిద్రపోగలిగేలా అయింది. కూలరు చాలావరకు ఆగే ఉండేది.

ఈలోగా డిపోవాళ్ళు డ్రైవరును ఉద్యోగంలోంచి తీసేయలేదు. స్టీరింగు మాత్రం తప్పించి గ్యారేజీలో టైర్ల పనికి వేశారు. అదేమో పగటి పని. గది బాగుపడేసరికి పగలు పడుకునేవాడే లేడు. వానలు మొదలయ్యాక స్టీరింగు తిరిగి ఇచ్చారు. ఆ కబురు అతను ముందు కిందికి వచ్చి టైలరమ్మకే చెప్పాడు. భార్య మాత్రం ఆమెతో మునుపటిలా మాట్లాడలేదు. మరుసటి ఏడాది వాళ్ళు డిపో దగ్గరికి మారిపోయారు.

ఇప్పుడు ఎవరైనా వాటా చూడ్డానికి పొద్దున్నే వస్తే టైలరమ్మ తాళం ఇవ్వదు. నడినెత్తిన ఎండ ఉండగా వచ్చి చూసుకోమంటుంది.