మిగిలిపోయిందని చెప్పిన సీటు

ఇంతవరకు నా మాట ఎవరూ పట్టించుకోలేదు. పరిశోధనా కేంద్రంలో నాకు రావలసిన పోస్టు నా వెనకున్నవాడికి ఎందుకిచ్చారని అడిగాను. జవాబు లేదు. తాత్కాలిక ఉద్యోగంలోంచి చెప్పాపెట్టకుండా తీసేస్తే ఎందుకని అడిగాను. దానికీ లేదు. ఈ పత్రిక చదివే మీరైనా ఇది చివరిదాకా చదువుతారని నాకు నమ్మకం లేదు. అయినా ఈసారి రాస్తున్నది ఎవరి మీదో ఫిర్యాదు కాదు. పదేళ్లుగా నా గుండెల మీద కూర్చున్న ఒక అబద్ధం గురించి. అది నేనాడినదే.

వ్యవసాయ డిగ్రీలో మల్లేశ్ నా క్లాస్‌మేట్. వాళ్లది కల్వకుర్తి దగ్గర పల్లె. గొర్లు కాచే కుటుంబం, కొంచెం మెట్ట చేను. మాది హాలియా దగ్గర, సాగర్ కాలువ కింద వరిపొలం. ఒకరోజు క్లాసులో సారు సేద్యంలో రిస్కు గురించి అడిగితే నేను లేచి చాలాసేపు చెప్పాను. బాగానే చెప్పాను. వెనక బెంచీ నుంచి మల్లేశ్ అందుకున్నాడు.

"సార్, మేము మొగులు దిక్కు జూస్తం. వీడు కాలువ షట్టర్ దిక్కు జూస్తడు. గీనికి రిస్కేం దెల్సు సార్?"

క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వాడు. ఆ సారు నవ్వు నేను మరిచిపోలేదు. ఆ రోజు నుంచి హాస్టల్లో నా పేరు షట్టర్. మల్లేశ్‌కి అది ఉత్త పరాచికమే కావచ్చు. మెస్సులో నా పక్కనే కూర్చునేవాడు, ఊరి నుంచి తెచ్చిన సీతాఫలాలు ముందు నాకే ఇచ్చేవాడు. ఎందుకిస్తున్నాడా అని నేను ఆలోచిస్తూ తినేవాణ్ణి.

ఎమ్మెస్సీ కౌన్సెలింగ్ రోజు వచ్చింది. ర్యాంకుల వరసన పిలుస్తున్నారు. మల్లేశ్ నాకు సరిగ్గా ముందు. వేరే విభాగాల్లో ఇంకా సీట్లున్నాయి, వ్యవసాయ ఆర్థికశాస్త్రంలో మాత్రం ఒక్కటే మిగిలింది. అది ఇద్దరికీ కావాలి. నాకు కావాలని మాత్రం నేనెవరికీ చెప్పలేదు. వాడు ఏడాదిగా అందరికీ చెబుతున్నాడు. వానలు పడని ఏడు గడ్డి లేక అందరూ ఒకేసారి గొర్లను సంతకు తోలుతారు, ధర పడిపోతుంది, గడ్డి ఉన్న ఏడు ఎవరూ అమ్మరు, ఇందులో కాపరికి మిగిలేదేమిటో ఎవరైనా లెక్కగట్టాలి అనేవాడు. దాని కోసమే ఆ చదువు అనేవాడు.

పిలుపు కోసం నిలబడి ఉన్నప్పుడు నన్ను అడిగాడు.

"అరే షట్టర్, నిజం చెప్పు. మా బాపు ఇగ సదివింది సాలు, ఇంటికి రా అంటాండు. గీ ఎకనామిక్స్ సదివితే నౌకర్లుంటయా?"

"యాడియిరా? బ్యాంకు పరీక్షకు గూడ రానియ్యరట. మా సీనియర్ జెప్పిండు."

"గట్లనా? మరి నువ్వేం దీస్కుంటవ్?"

"ఏదొస్తే గది."

సీనియర్ నాతో చెప్పింది పూర్తిగా వేరు. బ్యాంకులు తీసుకుంటాయి, మార్కెట్ ధరలు అంచనా కట్టే సంస్థలు తీసుకుంటాయి, రైతు కంపెనీలకూ ఇలాంటివాళ్లే కావాలి అన్నాడు. నేను దాన్ని తిరగేసి చెప్పాను. సీటు కోసమా? లేక ఆ నవ్వుకు బదులా? ఎన్నిసార్లు తవ్వుకున్నా తేలలేదు. సీటు కోసమే అయితే కాస్త నయమనిపిస్తుంది, అలా అనిపించిన మరుక్షణం నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నానేమోనని అనుమానం వస్తుంది.

మల్లేశ్ లోపలికి వెళ్లి ఏ సీటూ వద్దని చెప్పి బయటికొచ్చాడు. తర్వాత నేను వెళ్లాను. వచ్చేసరికి మెట్ల మీద నా కోసం కూర్చుని ఉన్నాడు.

"ఏమొచ్చింది?"

"ఎకనామిక్సేరా. అదొక్కటే మిగిలింది."

"పాపం," అన్నాడు.

జాలిపడ్డప్పుడు అనే మాట అదే. చేసిన తప్పుకు పెట్టే పేరూ అదే. వాడు ఏది అన్నాడు? మొహంలో ఏమీ కనిపించలేదు. నా సంచి తీసుకుని బస్టాండ్ దాకా మోశాడు. తెలియకపోతే మోశాడా, తెలిసి మోశాడా?

తర్వాత చేసింది ఇంకా నీచమైన పని. గొర్ల సంత ధరల మీదే నేను థీసిస్ రాశాను. వాడి మనుషులు కనబడతారని కల్వకుర్తి వైపు పోకుండా వేరే సంతలకు తిరిగాను. వైవాలో పెద్దసారు, "ఈ ప్రశ్న నీకెలా తట్టింది?" అన్నాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను సార్ అన్నాను. మా ఇంట్లో ఒక్క గొర్రె కూడా ఎప్పుడూ లేదు.

నాతో చదివినవాళ్లు బ్యాంకుల్లో ఉన్నారు, హైదరాబాద్‌లో పెద్ద సంస్థల్లో ఉన్నారు. నేను చేరిన ప్రతిచోటా ఎవరితోనో పడలేదు. ఇప్పుడు ఒక విత్తన కంపెనీ తరఫున డీలర్ల చుట్టూ తిరుగుతున్నాను. డిగ్రీతో చేసే పనే. మల్లేశ్ కల్వకుర్తిలో పురుగుమందుల దుకాణం పెట్టుకున్నాడు. ఆ ఊళ్లు తిరిగే రూటు నాకు వద్దని మేనేజర్‌తో గొడవపడి మరీ తప్పించుకున్నాను.

పోయిన వారం వాడు ఫోన్ చేశాడు. నంబరు ఎవరిచ్చారో తెలియదు.

"ఏం షట్టర్, మంచిగున్నవా? మా అన్న బిడ్డ అగ్రికల్చర్ డిగ్రీ అయిపోగొట్టింది. గీ ఎకనామిక్సే సదువుతనంటాంది. నువ్వు సదివినోనివి గదా, నౌకర్లుంటయా?"

అదే ప్రశ్న, ఇంచుమించు అవే మాటలు. అంత సాదాగా ఎందుకడిగాడు? మధ్యలో ఒక నవ్వు వినిపించింది, లేక నేనే అనుకున్నానా? సిగ్నల్ లేదని చెప్పి పెట్టేశాను. ఆ పిల్ల కౌన్సెలింగ్ ఇంకా కాలేదు.

నా పేరు రాయకపోయినా నేనెవరో నీకు తెలుస్తుంది మల్లేశ్. ఉద్యోగాలున్నాయి. అప్పుడూ ఉన్నాయి. ఆ పిల్లను చేరమను. గొర్ల లెక్క నీది, ఆమెతో పూర్తి చేయించు. ఈ మాట బయటపెట్టాక ఊపిరి కొంచెం తిరిగినట్టుంది, అంతే. క్షమించమని అడగడం లేదు. అడిగితే నువ్వు క్షమిస్తావేమో, అది నేను నమ్మలేను. నాకు కావలసింది ఒక్క జవాబు. నేను అబద్ధమాడుతున్నానని తెలిసే ఆ రోజు సీటు వదిలేశావా? ఫోన్ చెయ్. ఈసారి మధ్యలో పెట్టేయను. చెప్పు.