టైలరన్న తాబేలుకు నేను చేసిన వైద్యం

ఆ రోజుల్లో ఓపిక అన్నది నా ఒంట్లో లేదు. నర్సింహులపేట పశువుల దవాఖానలో కొత్తగా చేరిన సహాయకురాలిని. ఏ బర్రె పుండుకు కట్టు కట్టినా, మానిందో లేదో మర్నాడే విప్పి చూడాలి. (మానే పుండును మాననివ్వనని డాక్టరు సారు నవ్వేవారు.) ఆయన పది రోజుల శిక్షణకు వెళ్లగానే, బస్టాండు పక్క టైలరన్న తన తాబేలును తువ్వాలలో చుట్టి తెచ్చాడు. దుకాణంలో గాజుతొట్టెలో ఈదే పచ్చ తాబేలు అది. చిప్ప మీద ఒకచోట తెల్లగా మెత్తబడి వాసన వస్తోంది. "ఎట్లనన్న బతికియ్యి చెల్లె, బిడ్డ లెక్క సాదుకున్న" అన్నాడు. నాకు చచ్చేంత భయం వేసింది. సారుకు ఫోన్ చేస్తే, మెత్తని బ్రష్‌తో కడిగి, అయోడిన్ రాసి, రోజులో ఎక్కువసేపు నీళ్లు తగలకుండా పొడిగా ఉంచమన్నారు. పొద్దుటి ఎండ చూపించమన్నారు. అలాగే కడిగి, మందు రాసి పంపాను.

మర్నాడు దుకాణానికి వెళ్లి చూస్తే ఆ తెల్ల మచ్చ పసుపుపచ్చగా ఉంది. చీము పట్టిందనుకుని గీకి, కడిగి, మందు రాశాను. ఆ మర్నాడు ఇంకా పచ్చగా ఉంది, ఇంకా గీకాను. (పసుపు వాసన తెలియని ఆడపిల్ల ఉంటుందా అనకండి, ఆ అయోడిన్ వాసనలో నాకేదీ తెలియలేదు.) ఐదు రోజులకు తాబేలు తిండి మానేసింది. కొత్త మేడం చేతిలో అది పోయేలా ఉందని బస్టాండంతా అనుకుంటున్నారట. నాకు కూర్చుంటే కుదురు లేదు, నిలబడితే కుదురు లేదు.

ఆరో రోజు ఉండబట్టలేక గంట ముందే వెళ్లాను. టైలరన్న తల్లి తాబేలును ఒళ్లో పెట్టుకుని, నూనెలో కలిపిన పసుపు చిప్పకు అద్దుతోంది. ఇదేంటవ్వా అంటే తలెత్తకుండానే చెప్పింది. "నువ్వు రోజొచ్చి పుండు గోకి పోతున్నవు, నేను రోజు మాన్పుతున్న. ఇద్దరిట్ల ఎవలన్న ఒకలు ఆపాలె గద బిడ్డా."

కోపం రావలసింది, సిగ్గొచ్చింది. ఇద్దరం ఆపుదామన్నాను. అవ్వ పసుపు మానేసింది, నేను గీకడం మానేశాను. మందు పైపైన రాసి, ఎండ చూపించి ఊరుకున్నాం. ఆ ఊరుకోవడమే నాకు గండమైంది. వారానికి అది ఆకుకూర కొరికింది. మచ్చ మెల్లగా గట్టిపడింది.

ఇప్పుడు జనగామలో పనిచేస్తున్నాను. ఎప్పుడైనా అటు వెళ్తే ఆ దుకాణంలోకి తొంగిచూస్తాను. నా గొంతు వినగానే తాబేలు తల లోపలికి లాక్కుంటుంది. అప్పటి నన్ను తలుచుకుంటే నాకూ అదే చేయాలనిపిస్తుంది. నవ్వుకుంటూ బస్సెక్కుతాను.